సూపర్‌బ్లాక్ ఎక్కడుంది: లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్‌లో మెటాడేటా స్థానం

లినక్స్ ఎండీ డ్రైవర్ కింద నడిచే రైడ్ శ్రేణిలో ప్రతి డిస్కూ తన పుట్టుపూర్వోత్తరాలను తన మీదే రాసుకుంటుంది. శ్రేణి గుర్తింపు సంఖ్య, రైడ్ స్థాయి, చంక్ పరిమాణం, సభ్య డిస్కులు ఎన్ని, వాటిలో తనది ఎన్నో స్థానం అన్న వివరాలు సూపర్‌బ్లాక్ అనే చిన్న జాగాలో ఉంటాయి. డిస్కులను విప్పి మరో యంత్రంలో బిగించినా శ్రేణి మళ్లీ నిలబడేది ఈ రాత వల్లే. ఈ రాతలో ఏముండాలన్న దాని మీద పరిశోధకులు బాగానే ఆలోచించారు. అది డిస్కు మీద ఎక్కడుండాలన్నది మాత్రం ఇంజనీర్లకు వదిలేశారు. శ్రేణి దక్కుతుందా పోతుందా అన్నది తేలేది తరచుగా ఈ రెండో ప్రశ్న దగ్గరే.

ఈ ఉపేక్షకు మూలం 1994లో ఏసీఎం కంప్యూటింగ్ సర్వేస్ పత్రికలో చెన్, లీ, గిబ్సన్, కట్జ్, ప్యాటర్సన్ రాసిన సమీక్షలో కనిపిస్తుంది. వీరిలో చివరి ముగ్గురు 1988లోనే బర్క్‌లీ నుంచి రైడ్ స్థాయిలను ప్రతిపాదించినవారు. పాతబడ్డ సెక్టారును కొత్తదిగా పొరబడకూడదనీ, విద్యుత్తు పోయాక పారిటీ పొంతన తప్పిందో లేదో తెలియాలనీ ఆ సమీక్ష గట్టిగానే చెప్పింది; ఆ సమాచారానికి మెటాస్టేట్ అని పేరూ పెట్టింది. అయితే దాని దృష్టిలో మెటాడేటా అంటే స్థితి: ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు. గుర్తింపు, చిరునామా అన్న మాటలు అందులోకి రాలేదు. సొంత జ్ఞాపకశక్తి ఉన్న కంట్రోలర్‌ను తలచుకున్నప్పుడు అలా ఆలోచించడం సహజం. సాఫ్ట్‌వేర్ రైడ్‌కు అలాంటి జాగా లేదు. దాని జ్ఞాపకమంతా డిస్కు మీదే; ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఎంత చక్కగా రాసిన స్థితి అయినా లేనట్టే.

0.90 రకం సూపర్‌బ్లాక్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని పరిమాణం 4 కిలోబైట్లు. దాని చోటును లెక్కగట్టి తెలుసుకోవాలి: డిస్కు పరిమాణాన్ని 64 కిలోబైట్ల గుణిజానికి దించి, అందులోంచి మరో 64 కిలోబైట్లు తీసేయాలి. 512 బైట్ల సెక్టార్లలో చెప్పాలంటే 128 గుణిజానికి దించి 128 తీసేయడం. లెక్క సులువే. చిక్కల్లా ఏ పరికరం పరిమాణంతో లెక్క మొదలుపెట్టాలో ఆ సూపర్‌బ్లాక్ ఎక్కడా చెప్పకపోవడమే.

1000 మెబీబైట్ల డిస్కు మీద 1వ మెబీబైట్ దగ్గర మొదలై చివరిదాకా సాగే ఒకే పార్టిషన్ ఉందనుకుందాం. పార్టిషన్ పరిమాణం 999 మెబీబైట్లు. దాని సూపర్‌బ్లాక్ పార్టిషన్ మొదలు నుంచి 999 మెబీబైట్లకు 64 కిలోబైట్లు తక్కువలో ఉంటుంది. డిస్కు మొదలు నుంచి కొలిస్తే 1000కి 64 కిలోబైట్లు తక్కువ. మొత్తం డిస్కును సభ్యుడిగా భావించి లెక్కగట్టినా సరిగ్గా అదే చోటు వస్తుంది. రాత ఒక్కటే, హక్కుదారులు ఇద్దరు. మొత్తం డిస్కే సభ్యుడని పొరబడితే డేటా మొదలు ఒక మెబీబైట్ వెనక్కి జరిగి, పార్టిషన్ పట్టికనే డేటాగా చదవాల్సి వస్తుంది.

ఈ లోపం చాలాకాలం కనబడకపోవడానికి కారణం రైడ్‌లో లేదు, డాస్ కాలపు ఆనవాయితీలో ఉంది. అప్పట్లో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. 63 అనేది 128 గుణిజం కాదు గనక, ఒకే పార్టిషన్ ఉన్న డిస్కు మీద రెండు లెక్కలూ ఎన్నటికీ కలవవు. ఇప్పటి ఆనవాయితీ 2048వ సెక్టార్. అది 128కి సరిగ్గా 16 రెట్లు. పార్టిషన్లు చేసే పరికరం తన అలవాటు మార్చుకోగానే రైడ్ పరికరంలో దాగిన లోపం బయటపడింది. స్థితిని మాత్రమే చూసే సిద్ధాంతానికి ఇలాంటి ప్రమాదం అందదు.

తర్వాత వచ్చిన 1 శ్రేణి మెటాడేటా ఈ తప్పును దిద్దింది. సూపర్‌బ్లాక్ తానున్న చోటును తనలోనే సెక్టార్లలో రాసుకుంటుంది. ఆ అంకె చదివిన చోటుతో సరిపోకపోతే కెర్నెల్ దాన్ని ఒప్పుకోదు. బైట్ల వరుస కూడా స్థిరపడింది. 0.90లో ఆ వరుస యంత్రాన్ని బట్టి మారేది. 1.2 రకం డిస్కును 4096వ బైటు దగ్గర తెరిస్తే ఏ యంత్రం మీదైనా కనిపించేవి ఇవే నాలుగు: ఎఫ్‌సీ, 4ఈ, 2బీ, ఏ9. ఇక 1.0 డిస్కు చివర, 1.1 మొట్టమొదట, 1.2 మొదటి నుంచి 4 కిలోబైట్ల దూరంలో ఉంటాయి. లోపలి అమరిక మూడింటికీ ఒక్కటే. అందుకే ఈ తేడాను చిన్నదిగా చూడటం అలవాటైంది. శ్రేణులను సృష్టించి నిర్వహించే ఎండీఏడీఎం 3.1.2 కూర్పు నుంచి వేరే చెప్పకపోతే 1.2నే ఎంచుకుంటుంది.

ఆ 4 కిలోబైట్ల దూరం బూట్ సెక్టార్ దెబ్బ నుంచి కాపాడుతుంది, జీపీటీ దెబ్బ నుంచి కాదు. జీపీటీ అనే పార్టిషన్ పట్టిక 0 నుంచి 33 దాకా సెక్టార్లను ఆక్రమిస్తుంది. సూపర్‌బ్లాక్ ఉన్నది 8వ సెక్టారులో. పార్టిషన్ లేకుండా మొత్తం డిస్కునే శ్రేణికిచ్చిన చోట, ఫర్మ్‌వేరో ఇన్‌స్టాలరో ఆ డిస్కు ఖాళీగా ఉందనుకుని కొత్త పట్టిక రాస్తే సూపర్‌బ్లాక్ పోతుంది. లోపలి డేటా దాదాపు అంతా అలాగే ఉంటుంది, కానీ దాన్ని చేరే దారి ఉండదు.

అసలు నష్టం తరచుగా ఇక్కడినుంచే మొదలవుతుంది. దారి పోయిందని నిర్వాహకులు శ్రేణిని అదే పేరుతో, అదే స్థాయితో మళ్లీ సృష్టిస్తారు. సూపర్‌బ్లాక్‌లో డేటా ఎక్కడ మొదలవుతుందో చెప్పే మరో అంకె ఉంది. పాత ఎండీఏడీఎం కూర్పుల్లో అది 2048 సెక్టార్లు, అంటే ఒక మెబీబైట్ దగ్గర ఉండేది. ఆకృతి మార్పిడికి చోటు మిగల్చడానికి తర్వాతి కూర్పులు పెద్ద డిస్కుల మీద దాన్ని 262144 సెక్టార్లకు, అంటే 128 మెబీబైట్లకు జరిపాయి. చంక్ పరిమాణం కూడా 64 నుంచి 512 కిలోబైట్లకు మారింది. పాత శ్రేణిని కొత్త కూర్పుతో పునఃసృష్టిస్తే ఆజ్ఞ విజయవంతమైనట్టే కనిపిస్తుంది, ఫైల్‌సిస్టమ్ మాత్రం దొరకదు. శ్రేణి శుభ్రంగా ఉందని అనుకోమని చెప్పకపోతే పారిటీ సరిచేసే పని వెంటనే మొదలై, అప్పటిదాకా చెక్కుచెదరని డేటా మీదే రాస్తుంది. ఇలాంటి సందర్భాల్లో రైడ్ 5 శ్రేణులను నిజంగా చంపేది డిస్కు వైఫల్యం కాదు, ఈ మరమ్మతేనని చెప్పడం సబబు.

స్థితిని ప్రధానంగా చూసేవారికి అనుకూలమైన సాక్ష్యం, శ్రేణి స్థితి మారినప్పుడల్లా పెరిగే ఈవెంట్ కౌంటర్: జంట డిస్కుల్లో ఒక్కొక్కటీ రెండోది చెడిందని చెబితే ఎండీఏడీఎం ఒకదాన్ని పక్కన పెట్టేది ఆ స్థితి రాతను చూసే. కానీ ఆ రాతను చూడాలన్నా ముందు దాని చోటు తెలియాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ప్రతి డిస్కు మీదా 256 కిలోబైట్ల లేబుళ్లు నాలుగింటిని, మొదట్లో రెండు, చివర్లో రెండుగా ఉంచుతుంది. స్థానం విలువ తెలిసి చేసిన ఏర్పాటు అది.

ఎండీఏడీఎంలో ఆలస్యంగా చేరిన డంప్ సదుపాయం కూడా ఆ వైపే నడిచింది. అది మెటాడేటాను తీసి ఒక చిన్న ఫైలులో దాచదు. డిస్కు ఎంత పెద్దదో అంతే పరిమాణం చూపే ఖాళీ ఫైలును సృష్టించి, సూపర్‌బ్లాక్‌ను డిస్కు మీద ఉన్న దూరంలోనే అందులోనూ ఉంచుతుంది. తిరిగి రాయాలంటే డిస్కు పరిమాణం ఆ ఫైలు పరిమాణంతో సరిపోవాలి, లేకపోతే ఒప్పుకోదు.