రోమ్‌కు అన్నం పెట్టిన రేవు

రోమ్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ ఫోన్లు తిరగేస్తే కలోసియం ఉంటుంది, వాటికన్ ఉంటుంది, ట్రెవీ ఫౌంటెన్‌కు వీపు పెట్టి భుజం మీంచి నాణెం విసురుతున్న ఫోటో తప్పకుండా ఉంటుంది. ఓస్టియా మాత్రం ఉండదు. నగరానికి నైరుతి దిక్కున, లోకల్ రైలెక్కితే అరగంటలో చేరే ఈ పాత రేవు పట్నాన్ని మన టూర్ ప్యాకేజీల వాళ్ళు దాదాపుగా పట్టించుకోరు. వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. ఊరికే టికెట్ కొని లోపలికి వెళ్తే అక్కడ కనిపించేది కిలోమీటరు పైచిలుకు నల్లరాతి బాట, దానికి అటూ ఇటూ మొండిగోడలు, మధ్యమధ్య గొడుగులు విప్పినట్టు నిలబడ్డ పైన్ చెట్లు. గంట నడిచేసరికి ఏ గోడ చూసినా ఇందాక చూసిన గోడే అనిపిస్తుంది. కలోసియానికి ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. ఓస్టియా అలా కాదు, పక్కన చెప్పే మనిషి ఉండాలి.

అందుకని మేం ప్రైవేటు గైడును మాట్లాడుకున్నాం. ఇటలీలో గైడు పని ఎవరు పడితే వాళ్ళు చెయ్యడానికి లేదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం దేశమంతటికీ ఒకే పరీక్ష, ఒకే జాబితా అంది. మాకు దొరికినావిడ పురావస్తు శాస్త్రం చదివినావిడ. పెద్ద గుంపుతో వెళ్తే జెండా పట్టుకున్న మనిషి వెనకాల పరుగెత్తాలి, చెవిలో పెట్టిన యంత్రం ఏది చెబితే అది వినాలి. ఇక్కడ ఆ తొందర లేదు. టికెట్ గేటు దాటగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "మీకు చక్రవర్తులు కావాలా, పనివాళ్ళు కావాలా?" పనివాళ్ళే కావాలన్నాం. ఆవిడ ముఖం వెలిగింది. మొత్తం దారే మార్చేశారు.

మొదట గోడలు చదవడం నేర్పారు. చిన్న చిన్న రాళ్ళను పీట మీద కాకుండా మూల మీద నిలబెట్టి వలలా పేర్చిన గోడ కనిపిస్తే అది పాతదనుకోవచ్చు. తిన్నగా వరసలు తీరిన ఎర్ర ఇటుకల గోడ అయితే ఎక్కువగా క్రీ.శ. రెండో శతాబ్దానిది. ఆ ఇటుక పైకే, లోపలంతా రాళ్ళూ సున్నమూ కలిపి పోసిన కాంక్రీటు. మన బట్టీల వాళ్ళు ఇటుక మీద రెండక్షరాలు అచ్చు వేసినట్టే రోమన్ బట్టీల వాళ్ళూ ముద్ర కొట్టేవారు. కొన్నిటి మీద బట్టీ ఎవరి భూమిలో ఉందో, ఆ ఏడు కాన్సుళ్ళుగా ఉన్న అధిపతులెవరో కూడా ఉంటుంది. అలా సంవత్సరం ముద్ర పడ్డ ఇటుకల్లో క్రీ.శ. 123 నాటివి లెక్కకు మించి దొరికాయి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో ఈ ఊళ్ళో కట్టడాల పని ఏ జోరులో సాగిందో అర్థమవుతుంది. మూడేసి నాలుగేసి అంతస్తులు లేపి, కింద దుకాణాలు, పైన అద్దె వాటాలు. ఊరి జనాభా యాభై వేలదాకా ఉండేదని ఒక అంచనా.

అంతమందికి పనేమిటంటే, రోమ్‌కు తిండి అందించడం. రాజధానిలో దాదాపు పది లక్షల నోళ్ళు. అగస్టస్ చక్రవర్తి కాలంలో రెండు లక్షల మందికి పైగా పౌరులకు ప్రభుత్వమే ఉచితంగా గోధుమలు పంచేది. ఆ గోధుమలు ఈజిప్టు, ఉత్తరాఫ్రికా, సిసిలీ, సార్డీనియాల నుంచి ఓడల్లో రావాలి. గింజ ఆలస్యమైతే వీధుల్లో అల్లర్లు, అల్లర్లయితే చక్రవర్తి సింహాసనానికి ముప్పు. పెద్ద ఓడలు టైబర్ నదిలోకి రాలేవు కాబట్టి ఇక్కడ సరుకు దించి, చిన్న పడవల్లోకి ఎక్కించి, గట్టు మీంచి తాళ్ళతో లాగుతూ ఎగువకు తీసుకెళ్ళేవారు. నదీముఖం ఇసుక మేట వేస్తుండడంతో క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో కొంచెం ఉత్తరంగా కొత్త ఓడరేవు తవ్వించడం మొదలుపెట్టాడు. అదీ పూర్తిగా నిలవలేదు. క్రీ.శ. 62లో వచ్చిన తుపానుకు రేవు లోపలే రెండు వందల ధాన్యపు ఓడలు మునిగిపోయాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ తర్వాత ట్రాజన్ చక్రవర్తి ఆరు పలకల కొలను ఒకటి తవ్వించాడు. అది ఇప్పటికీ ఉంది. ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దిగబోతూ కిటికీలోంచి చూసినప్పుడు కొలిచి కోసినట్టున్న షట్కోణపు చెరువు కనిపిస్తే అదే.

ఇన్ని అంకెలు చెప్పాక గైడుగారు మమ్మల్ని ఒక నేల ముందు నిలబెట్టారు. ధాన్యం కొలిచేవాళ్ళ సంఘం హాలు అది. నేలంతా తెలుపు నలుపు రాతి ముక్కల మొజాయిక్. మూడో శతాబ్దపు పని. బస్తా భుజానికెత్తుకొచ్చిన హమాలీ ఉన్నాడు. లెక్క గుర్తులు చేతబట్టుకున్న కుర్రవాడు ఉన్నాడు. మధ్యలో ధాన్యం కొలిచే పాత్ర, పక్కన కొలగాడు, అతని చేతిలో కర్ర. ఆ కర్ర ఎందుకో ఆవిడ వివరించబోతుంటే మాలో కళ్ళాలు చూసి పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేకపోయింది. కుంచం నిండాక పైన గోపురంగా నిలిచిన గింజల్ని కర్రతో అంచుకు చదును చేస్తే ఒక కొలత, గోపురంతోనే పోస్తే ఇంకో కొలత. ఆ తేడాలోనే ఎవరి లాభమైనా ఉండేది. సర్కారు గోధుమ కాబట్టి ఆ కర్ర పట్టినవాడి చెయ్యి ఎంత నిజాయితీగా కదిలిందన్నది రాజధాని దాకా పాకే విషయం. సంఘం వాళ్ళు తమ హాలు నేల మీద దేవుణ్ణో చక్రవర్తినో కాక, తాము రోజూ చేసే పనిని వేయించుకున్నారు. నాకు ఓస్టియా మొత్తంలో ఇంతకంటే నచ్చింది లేదు.

అక్కడికి దగ్గర్లోనే పెద్ద గిడ్డంగులు. గింజకు చెమ్మ తగలకుండా నేలను ఎత్తు చేసి కింద గాలి ఆడేలా కట్టారు. మరోచోట ఒక రొట్టెల బట్టీ ఉంది. నడుం సన్నగా ఉన్న డమరుకం ఆకారంలో నల్లరాతి తిరగళ్ళు, మనిషి నడుం ఎత్తువి, వరసగా నిలబడి ఉన్నాయి. గాడిదలో కంచరగాడిదలో వాటి చుట్టూ తిరిగేవి. నేలకు కూడా బాట మీద పరిచే గట్టిరాయే పరిచారు, మామూలు నేలయితే ఆ గిట్టల కింద నిలవదు.

థియేటరు దగ్గర అందరిలాగే మేమూ మెట్లెక్కి ఫోటోలు దిగాం. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి కట్టింది. దాని వెనకున్న దీర్ఘచతురస్రపు మైదానం అసలు సరుకు. మూడు వైపులా వరండా, వరండా వెంట అరవై దాకా చిన్న గదులు, గది గదికీ ముందు నేల మీద బొమ్మలు, అక్షరాలు. తాళ్ళు పేనేవాళ్ళది ఒకటి, తోళ్ళు ఊనేవాళ్ళది ఒకటి. అలెగ్జాండ్రియా ఒకచోట, కార్తేజ్ ఒకచోట, ఫ్రాన్సు తీరపు నార్బోన్ ఇంకోచోట. ఇవి వర్తకుల ఆఫీసులా, లేక థియేటరుకు చందాలిచ్చిన సంఘాల గుర్తులా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గైడు రెండు వాదాలూ చెప్పి, తాను మొదటి దాని పక్షమన్నారు. ఒక గది ముందు ఏనుగు బొమ్మ ఉంది. మనవాళ్ళకు వెంటనే ఇండియా తోస్తుంది గానీ అది లిబియా తీరంలోని సబ్రథా పట్టణపు వర్తకులది. ఏనుగు ఆఫ్రికాది.

అయితే మన సరుకు ఈ దేశానికి రాలేదని కాదు. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు బట్టలు ఎర్రసముద్రం రేవుల్లో దిగి, ఈజిప్టు ఎడారి దాటి, నైలు మీదుగా అలెగ్జాండ్రియా చేరి, అక్కడినుంచి ఇటలీకి ఓడెక్కేవి. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడెవరో రాసిన 'పెరిప్లస్' అనే దారి పుస్తకం మసాలియా తీరంలో మస్లిన్ విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. మసాలియా అంటే మన మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారుల మాట. ఇండియా ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ లెక్క ఎంత నిజమో గానీ డబ్బు ఇటు వచ్చిందన్నది మాత్రం నిజం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల కుప్ప దొరికింది, నాగార్జునకొండలో బంగారు నాణేలూ బయటపడ్డాయి.

మధ్యాహ్నం ఎండకు ఓపిక కొంత జారిపోయే వేళ ఆవిడ ఊరి హాస్యం చూపించారు. ఏడుగురు జ్ఞానుల స్నానశాలలో ఒక గది గోడ మీద సోలన్, థేలీస్, ఖైలాన్ వంటి గ్రీకు మహా మేధావులు గంభీరంగా కూర్చుని ఉంటారు. వాళ్ళ పక్కన రాసినదేమో తత్వం కాదు. మలబద్ధకం వస్తే ఏం చెయ్యాలి, కడుపు ఎలా నిమురుకోవాలి, చప్పుడు లేకుండా గాలి ఎలా వదలాలి, ఇవీ ఆ ఉపదేశాలు. కింద వరసలో సామాన్యులు మరుగుదొడ్డి బల్లల మీద కూర్చుని ఉంటారు. మొదట్లో అది సారా కొట్టు అయి ఉండొచ్చంటారు. హమాలీలూ పడవవాళ్ళూ రెండు గుక్కలు వేసుకుని పెద్దలను వెక్కిరించుకునే చోటన్నమాట. ఆ గది అన్ని వేళలా తెరిచి ఉండదు, ముందే కనుక్కోవాలి. చేపల కొట్టు మాత్రం ఎప్పుడైనా కనిపిస్తుంది. పాలరాతి బల్ల ఇంకా అక్కడే ఉంది. నేల మీద నోట ఆక్టోపస్‌ను కరచుకున్న డాల్ఫిన్, దాని పక్కన ఓ మాట: ఓర్వలేనివాడా, నిన్ను తొక్కేస్తున్నా! వచ్చేపోయే ప్రతి గిరాకీ ఆ దిష్టి మీద కాలేసి వెళ్తాడు. గుమ్మడికాయ కట్టే మనకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఓస్టియాకు అవతల ఇసోలా సాక్రా అనే శ్మశానం ఉంది. అక్కడి సమాధుల మీద కూడా బతికున్నప్పటి పనినే చెక్కించుకున్నారు. స్క్రిబోనియా అట్టికే అనే మంత్రసాని తన కోసం, తల్లి కోసం, భర్త కోసం కట్టించిన సమాధికి రెండు మట్టి పలకలు అమర్చి ఉండేవి. ఒకదానిలో నొప్పులు పడుతున్న స్త్రీ కుర్చీలో ఉంది, వెనకనుంచి ఒకామె చంకల కింద చేతులు వేసి పట్టుకుంది, ముందు చిన్న పీట మీద కూర్చున్న మంత్రసాని చెయ్యి చాచి, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది. తల్లికి సిగ్గు కలగకూడదని అలా చూపు మరల్చేవారట. రెండో పలక మీద ఆమె భర్త ఒకడి కాలికి వైద్యం చేస్తున్నాడు. ఇద్దరివీ చేతిపనులే.

ఊరు ఒక్కరోజులో పోలేదు. పాంపేయిలా దీన్ని అగ్నిపర్వతం కప్పెయ్యలేదు. వర్తకం కొత్త రేవుకు మళ్ళింది, నది మేట వేసింది, మలేరియా వచ్చింది. సెయింట్ అగస్టీన్ తల్లి మోనికా క్రీ.శ. 387లో ఆఫ్రికాకు ఓడ కోసం ఎదురుచూస్తూ ఇక్కడే కన్నుమూసింది. ఆమె సమాధి శాసనపు ముక్క 1945లో ఆటస్తంభం పాతడానికి గుంట తవ్వుతున్న కుర్రాళ్ళకు దొరికింది. మధ్యయుగాల్లో ఇక్కడి పాలరాయి ఓడలెక్కి ఇతర ఊళ్ళ చర్చిలకు పోయింది, పీసా కెథడ్రల్ గోడలో ఓస్టియా శాసనం ఒకటి ఇప్పటికీ ఉంది. 1557 వరదకు టైబర్ తన దారే మార్చుకుని ఊరికి దూరమైంది. 1961లో విమానాశ్రయం రోడ్డు వేస్తుంటే ప్రాచీన యూదుల ప్రార్థనామందిరం బయటపడింది.

ఇవాళ మనం చూసే ఓస్టియాలో సగం దాకా ముస్సోలినీ తవ్వించింది. 1942లో రోమ్‌లో ప్రపంచ ప్రదర్శన జరపాలన్నది ఆయన ఆలోచన. దానికి అందించాలని 1938 నుంచి హడావుడిగా తవ్వారు. రెండో శతాబ్దపు వైభవం మీదే గురి. దాని పైన పేరుకున్న చివరి కాలపు గోడలు, మన్ను చాలావరకు రికార్డుకైనా ఎక్కకుండా పోయాయి. యుద్ధం వచ్చి ప్రదర్శన జరగనేలేదు. గైడు ఈ మాట చెప్పేటప్పుడు కోపం దాచుకోలేదు. నాకు నాగార్జునకొండ గుర్తొచ్చింది. అక్కడా గడువు పెట్టుకునే తవ్వారు, 1954 నుంచి 1960 దాకా, నీళ్ళు వచ్చే లోపల. కానీ అది ఆనకట్ట తరుముతున్న గడువు. ఆర్. సుబ్రహ్మణ్యం బృందం లోయ లోయంతా గాలించి, కట్టడాల్ని రాయి రాయిగా కొండ మీదికీ, అనుపు అనే చోటికీ చేర్చింది. మెట్ల వరసలతో రోమన్ థియేటర్‌ను తలపించే క్రీడాప్రాంగణాన్ని అనుపులో ఇప్పటికీ చూడొచ్చు. అది చూసినప్పుడు పక్కన నిలబడి, ఇక్కడ ఎవరు కూర్చునేవారు, ఏ పని చేసుకుని వచ్చి కూర్చునేవారు అని చెప్పే మనిషి దొరకడం కష్టం. పరీక్ష పెట్టి, లైసెన్సిచ్చి, నాలుగు డబ్బులు వచ్చేలా చూస్తే చరిత్ర చదివిన మన పిల్లలు ఆ పనికి రారా? తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు రెండూ ఆలోచించాలి.

రోమ్‌లో ఒక రోజు మిగిలినవాళ్ళకు చివరిగా కొన్ని మాటలు. పిరమిదే మెట్రో పక్కనున్న పోర్టా శాన్ పావొలో స్టేషన్‌లో రైలెక్కాలి, సిటీ టికెట్టే చెల్లుతుంది. సోమవారం సెలవు. లోపల నీడ తక్కువ, రాళ్ళు ఎగుడుదిగుడు, చెప్పులతో వెళ్ళొద్దు. గైడుకు లైసెన్సు ఉందో లేదో ముందే అడగండి, కనీసం మూడు గంటలకు మాట్లాడుకోండి, పనివాళ్ళ ఊరు చూపించమని ముందే చెప్పండి.