కరేయిగావా: పెద్దదారి విడిచి వెళ్ళిన స్టేషను

జపాను రైళ్ళనగానే మన కళ్ళముందు మెదిలేది బుల్లెట్ రైలే. కానీ ఆ దేశపు దక్షిణ భాగాన, క్యూషూ ద్వీపంలోని కగోషిమా ప్రాంతపు కొండల నడుమ, ఒక చిన్న చెక్క స్టేషను ఉన్నది. దాని పేరు కరేయిగావా. 1903 జనవరి 15న ప్రారంభమైంది. వన్నె తగ్గిన పలక గోడలు, పెంకుల కప్పు, టికెట్లిచ్చే పాతకాలపు కిటికీ, అరిగిన బల్లలు. స్టేషను మాస్టరు లేడు. నిశ్శబ్దమే అక్కడి అధికారి!

ఇంత మారుమూలకు రైలు ఎందుకు వచ్చినట్టు? కారణం భయం. తీరం వెంబడి పట్టాలు వేస్తే శత్రునౌకల ఫిరంగులకు చిక్కుతాయని ఆనాటి సైన్యం శంకించింది. అందుకని కష్టమైనా కొండల లోపలి దారినే ఎంచుకున్నారు. సొరంగాలు తొలిచి, ఒకచోట చుట్టుదారి కూడా వేసి, 1909 నాటికి ఉత్తరాన మోజి నుండి కగోషిమా దాకా దారి పూర్తిచేశారు. అంటే నేటి ఈ కుగ్రామపు స్టేషను ఒకనాడు ప్రధాన మార్గం మీదిదే.

ఆ వైభవం ఎంతో కాలం నిలువలేదు. 1927లో తీరం వెంబడి దారి పూర్తయింది. ప్రధాన మార్గమన్న పేరూ, దూరప్రయాణపు బళ్ళూ అటు తరలిపోయాయి. కొండదారికి హిసత్సు లైను అన్న పేరు మిగిలింది.

కరేయిగావాతో పాటు అదే రోజున తెరిచిన ఓసుమి-యోకోగావా స్టేషను ఇదే లైను మీద ఉన్నది. దాని ప్లాట్‌ఫారం స్తంభంలో రెండో ప్రపంచయుద్ధపు విమానదాడిలో తగిలిన తూటా రంధ్రం నేటికీ కనిపిస్తుంది. ఫిరంగులకు అందకూడదని కొండల్లో దాచిన దారిని యుద్ధం ఆకాశం నుండి వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

రద్దీ ఉన్న చోట పాత కట్టడాలు కూలి కాంక్రీటు లేస్తుంది. ఇక్కడ ఆ అవసరం రాలేదు. ఉపేక్షే రక్ష అయింది. ఊరివారు శుభ్రం చేసుకుంటూ కాపాడుకున్నారు. 2004లో హయతో-నో-కజే అనే పర్యాటక రైలు ఇక్కడ ఆగసాగింది. వెదురుకొమ్ములు, పుట్టగొడుగులు కలిపిన అన్నం, చిలగడదుంప వేపుడుతో కట్టిన భోజనపు పెట్టె పేరు తెచ్చుకున్నది. 2006లో రెండు స్టేషన్లకూ సాంస్కృతిక సంపదగా ప్రభుత్వ గుర్తింపు లభించింది.

అయితే ఉపేక్ష ఎల్లకాలమూ రక్షించదు. 2020 జూలైలో కుమా నది వరదకు ఈ లైను ఉత్తర భాగంలోని శతాబ్దం నాటి వంతెనలు కొట్టుకుపోయాయి. 2022 మార్చిలో హయతో-నో-కజే ఆగిపోయింది.

పాత స్టేషను ఫోటో చూసి "ఎంత ప్రశాంతం!" అనుకుంటాము. ఆ ప్రశాంతతలో ఆగకుండా పోయిన బళ్ళున్నాయి, పట్నం వెళ్ళిన పిల్లలున్నారు. పునాది నుండి కప్పు దాకా కట్టడాన్ని నిలపవచ్చు. కానీ బండి దిగే మనిషి లేనినాడు దానిని స్టేషను అనగలమా?