మోటారుఖానా నుండి సెల్లారు వరకు

మోటారు బండి అవయవములలో యజమాని కంటికి ఎన్నడును గోచరింపక కేవలము కాలికి మాత్రమే తెలియునది క్లచ్చు. ఇంజనుకును గేరుబాక్సుకును నడుమ నిలిచి, పెడలు నొక్కినప్పుడు ఆ రెండింటి పొత్తును విడదీసి, విడిచినప్పుడు మరల మెల్లగా కలుపు ఈ బిళ్ల అరిగిపోయినచో, దానిని మార్చుటకు ముందుగా గేరుబాక్సును దింపవలసియుండును గనుక, సామాన్యుడు ఈ పనిని తలపెట్టుటకే జంకి బండిని ఏ వర్కుషాపునకో అప్పగించి వచ్చుట లోకమర్యాదగా నున్నది. అయినను ఈ మర్యాద మిక్కిలి ప్రాచీనమైనదేమియు కాదు. హైదరాబాదులో ఈ విద్య ఇంటనే పుట్టినది. పిమ్మట వీధిని పెరిగినది. నేడు నిజాంపేట వంటి చోట్ల మరల ఇంటిక్రిందికి, అనగా అపార్టుమెంట్ల సెల్లారులలోనికి, వచ్చి చేరుచున్నది.

ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మోటారు కొనగలవారు ప్రభువులును, జాగీర్దారులును, కొలదిమంది ధనికులును మాత్రమే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయింపబూనిన రోల్సు రాయిసు సిల్వర్ ఘోస్టు సిద్ధము కాకమునుపే ఆయన 1911లో కాలధర్మము నొందెను. సింహాసనమువంటి ఆసనము గల ఆ పసుపువన్నె బండి కుమారుడగు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున నగరము చేరినది, నేటికిని చౌమహల్లా ప్రాసాదమున దానిని చూడవచ్చును. కింగుకోఠీలో నిజామునకు ప్రత్యేకముగా మోటారుఖానా యుండెను. అట్టి చోట్ల బండి తోలువాడే దాని వైద్యుడు కూడ. పెడలు అడుగున ఏమి జరుగుచున్నదో కాలితో గ్రహించినవాడే రాత్రి లాంతరు వెలుగున దానిని విప్పవలసినవాడును.

ఆనాటి క్లచ్చు నేటి బిళ్ల కాదు. గరాటులో గరాటు ఇమిడినట్లు ఒక శంకువు మఱియొక శంకువులో బిగిసి తిరుగు ఏర్పాటది. లోపలి శంకువునకు పెక్కు బండ్లలో తోలు తొడిగియుండెడిది. తోలు ఎండి బిఱుసెక్కెనా, బండి ఒక్కసారిగా ఎగిరిపడును. నూనె త్రాగి మెత్తపడెనా, ఇంజను గర్జించుచున్నను చక్రము కదలదు. మొదటి రోగమునకు ఆముదము, రెండవదానికి ముల్తానీ మట్టివంటి మెత్తని మన్ను, ఇవియే అప్పటి మందులు. సీమ కంపెనీల సూచన పుస్తకములలో సైతము ఆముదము పేరుండుట చూచి మనవారు నవ్వుకొనియుందురు. ఆముదపు పంటకు పెట్టినది పేరైన సంస్థానములో ఆ మందునకు కొదువ యేమి?

తోలు పోయి బిళ్ల వచ్చుటకు మూలపురుషులలో ఒకడు ఇంగ్లండువాసి హెర్బర్ట్ ఫ్రూడ్. బండిచక్రముల బ్రేకు దిమ్మల అరుగుదలను చూచి ఘర్షణ పదార్థములపై పరిశ్రమచేసి 1897లో ఆయన నెలకొల్పిన వ్యాపారమే ఫెరోడో. ఆస్‌బెస్టాసు నారతో చేసిన లైనింగులు ఆ సంస్థవలనను, దాని పోటీదారులవలనను లోకమంతట వ్యాపించినవి. ఇనుప బిళ్లకు ఇరువైపుల ఈ లైనింగును ఇత్తడి, రాగి రివెట్లతో దిగగొట్టుటతో మనకు తెలిసిన క్లచ్చు ప్లేటు ఏర్పడినది. అరిగిన ప్లేటును పారవేయక, పాత రివెట్లను తొలిచి క్రొత్త లైనింగు కొట్టించుట మన దేశమున చిరకాలము సాగిన పొదుపు. ఆ పనిలో లేచు ఆస్‌బెస్టాసు ధూళిని నోటితో ఊదుచు పనిచేసిన తరములవారు తమ ఊపిరితిత్తులకు ఏమి చేటు చేసికొనుచున్నారో ఎవరును వారికి చెప్పలేదు; చరిత్ర వ్రాయువాడు దీనిని దాచరాదు. బ్రేకు లైనింగులు చేయు రానే సంస్థ కర్మాగారమొకటి నిజాంపేటకు ఎంతో దూరము కాని బొల్లారము పారిశ్రామికవాడలో వెలసినది.

ఇంటినుండి ఈ విద్యను వీధికి తెచ్చినవి బస్సులు. నిజాము ప్రభుత్వ రైల్వేవారు 1932లో 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను ఆరంభించినప్పుడు, ఒక దొర బండిని ఒక నౌకరు కనిపెట్టియుండు పద్ధతి పోయి, ఒకే రకపు క్లచ్చును వరుసగా విప్పి బిగించు పనివారి సమూహము తొలిసారి ఏర్పడినది. 1942లో ఆల్విన్ మెటల్ వర్క్సు, మరుసటి ఏట ప్రాగా టూల్సు వచ్చినవి. మొదటిది బస్సుల దేహములు కట్టెను, రెండవది యంత్రపరికరములు చేసెను. రెండింటివలనను ఇనుముతో మాటాడనేర్చినవారు ఊరిలో వేలకొలది తయారైరి. ఆల్విన్ పేరు కూకట్‌పల్లి, మియాపూరు ప్రాంతముల కాలనీలకును కూడళ్లకును అంటియుండి, ఆ దారిన నిత్యము నిజాంపేటకు పోవువారి నోట ఈనాటికిని నలుగుచున్నది.

వీధి షెడ్లకు పాఠ్యగ్రంథములు లేవు. ఉస్తాదు చెప్పును, చోటూ వినును; పానా అందించుటతో మొదలైన చదువు గేరుబాక్సును ఱొమ్ముపై మోసి దింపుటతో పట్టభద్రత నొందును. మల్లేపల్లి ఐ.టి.ఐ.వంటి చోట్ల శాస్త్రీయముగా నేర్చినవారు లేకపోలేదు గాని, రాణిగంజిలో విడిభాగములు బేరమాడు నేర్పు మాత్రము షెడ్డులోనే అబ్బవలెను. అంబాసిడరువంటి బండ్ల ప్రెషరు ప్లేటులో చుట్టు స్ప్రింగులును, వానిని లాగు మూడు ఫింగరులును ఉండెడివి. మూడింటి ఎత్తు వెంట్రుకవాసి తేడా లేకుండ సరిచూడనిచో పెడలు వదలునప్పుడు బండి వణకును. ఆ సెట్టింగు చేతికి వచ్చినవానికే షెడ్డులో గౌరవము. రిలీజు బేరింగు స్థానమున నల్లని కార్బను వలయముండెడిది గనుక, ఊరక పెడలుపై పాదముంచి నడుపు డ్రైవరును ఉస్తాదు కార్బనును చూచియే కనిపెట్టి తిట్టెడివాడు.

1983 డిసెంబరులో మారుతి 800 రాకతో ఆ విద్య సగము తీరిపోయినది. మూడు ఫింగరుల స్థానమును ఒకే పళ్లెమువంటి డయాఫ్రము స్ప్రింగు ఆక్రమించెను; కడ్డీలకు బదులు ఒక కేబులు వచ్చెను. గేరుబాక్సు చిన్నదై, ఇద్దరు మనుష్యులు దించుకొనదగినదయ్యెను. 1998 సెప్టెంబరులో సాంత్రో కారు వచ్చుట, అదే సంవత్సరము నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమగుట యాదృచ్ఛికమే. అయినను ఆ రెండింటి సంగమమునుండియే నేటి నిజాంపేట పుట్టినదని నా అభిప్రాయము. ఒకటి ఉద్యోగము నిచ్చినది, మఱియొకటి ఆ ఉద్యోగమునకు పది కిలోమీటర్ల దూరమున ఇల్లు కొనవచ్చునను ధైర్యము నిచ్చినది. గ్రామముగా నుండిన నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగరములతో కూడి 2019లో నగరపాలక సంస్థ అయినది. ఉదయము జె.ఎన్.టి.యు. కూడలి దాటి హైటెక్ సిటీకి పోవు బండ్ల బారులో అడుగడుగున పెడలును సగము నొక్కిపట్టు హాఫ్ క్లచ్చు అలవాటువలన, పల్లెబాటలలో ఏండ్లతరబడి నిలువదగిన ప్లేటు ఇచ్చట త్వరగా కాలి, మాడువాసన కొట్టును.

కేబులు తరువాత ద్రవము వచ్చినది. బ్రేకులకు ద్రవపు ఒత్తిడి వాడుక 1921 నాటి డ్యూసెన్‌బర్గు బండితో అమెరికాలో వ్యాప్తికెక్కగా, కాలక్రమమున అదే పద్ధతి క్లచ్చునకును ప్రాకినది. పెడలు నొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము గొట్టము వెంట పోయి స్లేవు సిలిండరును త్రోయును. తొలి ద్రవములలో ఆల్కహాలుతో కలిపినది మరల మన ఆముదమే! తోలు క్లచ్చుతో వెడలిపోయెననుకొన్న ఆముదము గొట్టములో ప్రవేశించి కొన్ని దశాబ్దులు సేవచేసి, గ్లైకాలు ద్రవములకు స్థానమిచ్చి తప్పుకొనెను. నేటి డాట్ 3 ద్రవము క్రొత్తదైనప్పుడు కనీసము 205, డాట్ 4 ద్రవము 230 సెంటీగ్రేడు డిగ్రీల వరకు మరగరాదని నియమము. కాని గాలిలోని తేమను పీల్చుట వీని స్వభావమగుటచే ఏటేట ఆ బలము తగ్గును.

ద్రవము నొక్కిన తగ్గదు, గాలి నొక్కిన తగ్గును. గొట్టములో కొంచెము గాలి చొచ్చినను పెడలు నేల కంటిపోయి గేరు పడదు. దీనిని తొలగించుటను షెడ్లలో ఎయిరు తీయుట అందురు, అది ఇద్దరి పని: ఒకడు లోపల కూర్చుండి పెడలు నొక్కిపట్టవలెను, వేరొకడు క్రింద నిప్పిలు వదులుచేసి నురుగుతో కూడిన ద్రవమును గొట్టము ద్వారా సీసాలోనికి వదలి, మరల బిగించిన పిదపనే పైవానిని కాలు తీయుమనవలెను. బిగింపకమునుపే కాలు తీసినచో పోయిన గాలి తిరిగి లోనికి వచ్చును. పై డబ్బాలో ద్రవము అడుగంటకుండ నడుమ నడుమ పోయుచుండవలెను. రంగుపై చిందినచో వెంటనే నీటితో కడుగవలెను. కొందరు తొందరపడి ఇంజను ఆయిలు పోయుదురు, దానితో లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి చెడును. ఉస్తాదు, చోటూల ఈ జోడీయే సెల్లారులో నేడు భార్యాభర్తలో, తండ్రీకొడుకులో అగుచున్నది. దంపతులలో పెడలు నొక్కువారే క్రిందనున్నవారిని గదమాయించుట సాధారణము.

సెల్లారులో గేరుబాక్సు దింపుట మాత్రము అంత వినోదము కాదు. బండి క్రింద దూరునప్పుడు జాకీని నమ్ముట ప్రాణాపాయము. దృఢమైన స్టాండ్లు ఉండి తీరవలెను. డ్రైవు షాఫ్టులు ఊడదీయునప్పుడు కారు ఆయిలు సిమెంటు నేలపై పడినచో అసోసియేషనువారు ఊరకుండరు. ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా విప్పవలెను. క్రొత్త ప్లేటును మధ్యకు సరిగా నిలిపినగాని గేరుబాక్సు షాఫ్టు దానిలో దూరదు. అందులకు షెడ్లవారు పాత షాఫ్టు ముక్కను వాడుదురు, ఇంటివారు అంగడిలో దొరకు ప్లాస్టిక్ కడ్డీని కొందురు. ఈ సందర్భమున పాత షాఫ్టు ముక్కయే మేలని నేను షెడ్లవారి పక్షము వహించుచున్నాను.

ఇటీవలి బండ్లలో పెక్కింటికి స్లేవు సిలిండరును గేరుబాక్సు కడుపులోనే, రిలీజు బేరింగుతో ఏకము చేసి అమర్చుచున్నారు. వంద రూపాయల రబ్బరు చెడినను గేరుబాక్సు దింపవలసినదే. కాబట్టి ప్లేటు మార్చునప్పుడే దానిని కూడ మార్చుట బుద్ధిమంతుల పద్ధతి అయినది. 2014లో మారుతి సెలేరియోతో వచ్చిన ఎ.ఎం.టి. బండ్లలో క్లచ్చు ఉన్నది, పెడలు లేదు; ప్లేటు మార్చిన పిదప దాని క్రొత్త మందమును కంప్యూటరు స్కానరుతో బండికి నేర్పనిదే అది సరిగా కదలదు. ఆ స్కానరు కొనిన షెడ్డు వెదకికొనుచు నిజాంపేట రోడ్డున సెల్లారు మెకానిక్కులు తిరుగ నారంభించిరి.