విక్టోరియా పబ్లిక్ హాలు (చెన్నై)

చెన్నై సెంట్రల్ స్టేషనుకు చేరువలో, రిప్పన్ భవనం పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల పురమందిరం విక్టోరియా పబ్లిక్ హాలు. పాతతరం వాళ్ల నోట ఇది టౌన్‌హాలే. ఉన్నది తమిళనాట అయినా, దీనికి 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసినవాడు విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి ఆనంద గజపతిరాజు.

అప్పట్లో విజయనగరం, శ్రీకాకుళం మద్రాసు రాజధానిలోవి. హైకోర్టు వ్యాజ్యానికైనా, గవర్నరు కొలువుకైనా అక్కడి జమీందార్లు పట్నం వెళ్లవలసిందే. అంత పట్నంలోనూ సభ జరుపుకోవడానికి తగిన చోటు లేదని 1882 మార్చిలో పురప్రముఖులు పచ్చయప్ప హాలులో కూడి చర్చించారు. పీపుల్స్ పార్కులో 57 గ్రౌండ్ల స్థలం 99 ఏళ్ల కౌలుకు దొరికింది. రూపశిల్పి రాబర్ట్ చిషోమ్, కట్టినవాడు నంబెరుమాళ్ చెట్టి. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి గుర్తుగా పేరు పెట్టారు. పేరు రాణిదే కాని, డబ్బులో చాలా భాగం స్వదేశీ రాజుల, జమీందారుల విరాళాలదే.

ఈ హాలు అసలు చరిత్ర నాటకానిది. 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారి నుంచి సరస వినోదినీ సభను తీసుకువచ్చి ఇక్కడ తెలుగు నాటకాలాడారు. చదువుకున్న పెద్దమనుషులు ముఖానికి రంగు వేసుకోవడం చూసిన పమ్మళ్ సంబంధ ముదలియారు, అదే ఏడాది మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించారు. తమిళ ఆధునిక రంగస్థలానికి నాంది పలికించింది తెలుగు నాటకమేనంటే అతిశయోక్తి కాదు. తర్వాత సుగుణ విలాస సభ చాలా ఏళ్లు ఈ హాలునే నెలవు చేసుకుంది. తమిళంతో పాటు తెలుగు నాటకాలూ వేసింది. బళ్లారి రాఘవ కూడా దీని నటుల్లో ఒకరు.

ఇక్కడ నాటకాలు ఊపందుకుంటున్న రోజుల్లోనే, 1892లో, ఆనంద గజపతి సొంత ఊళ్లో గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగమెక్కింది. 1897లో అచ్చయిన ఆ నాటకం అంకితమైంది ఆయనకే. ఆయన కన్నుమూసిందీ ఆ ఏడే.

1897 ఫిబ్రవరిలో వివేకానందుడు ఈ హాలులో ప్రసంగించాడు. మద్రాసులో తొలి చలనచిత్ర ప్రదర్శనలకూ ఇదే వేదిక. కౌలు గడువు తీరాక వివాదాలు, మరమ్మతుల జాప్యం దీన్ని ఏళ్ల తరబడి మూత వేయించాయి. చెన్నై కార్పొరేషన్ 2023లో పునరుద్ధరణ చేపట్టింది.

సెంట్రల్‌లో రైలు దిగే ఉత్తరాంధ్ర ప్రయాణికులు నాలుగడుగులు వేసి ఈ కట్టడాన్ని చూసి వెళ్లవచ్చు.