పాత ఇంటికి కొత్త రంగులా? గీకే ముందు చంటిపిల్లల్ని దూరం పెట్టండి.. సీసం ముప్పు!

పండగ వస్తోందంటే హైదరాబాద్‌లో పెయింటర్లకు క్షణం తీరిక ఉండదు. తలుపులు, కిటికీ గ్రిల్స్ మీద పాత రంగును గీకి, ఎమరీ పేపర్‌తో రుద్ది కొత్తది వేస్తారు. అసలు ప్రమాదం ఆ రాలిన పొడిలోనే ఉంది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1న. అంతకుముందు వేసిన రంగుల్ని, అందులోనూ ముదురు పసుపు, ఎరుపు ఎనామిల్‌ని అనుమానించాల్సిందే.

నేల మీద పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. పైగా మింగిన సీసాన్ని పెద్దల కంటే 4 నుంచి 5 రెట్లు ఎక్కువగా వాళ్ల ఒళ్లు పీల్చుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ. దెబ్బ పడేది ఎదుగుతున్న మెదడుపైనే.

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. అప్పుడే ఈ మాట మన ఇళ్లలో గట్టిగా వినిపించింది. కానీ ఇంట్లో కొద్దికొద్దిగా చేరే సీసం అలా ఎవరినీ పడేయదు. పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు.. చదువులో మాత్రం వెనకబడతాడు.

పెయింట్ ఒక్కటే కాదు. కళ్లకు పెట్టే కొన్ని రకాల సుర్మాలో సీసం ఉంటుంది. చారు కాసే తగరపు సత్తు గిన్నెలో సీసం కల్తీ అయితే చింతపండు పులుపుకి అది కరిగి చారులోకి దిగుతుంది. బ్యాటరీ షాపులో పనిచేసే తండ్రి బట్టలతోనూ ఇంటికొస్తుంది. ఆ బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

మామూలు సీబీసీ టెస్టులో ఇది తేలదు. 'బ్లడ్ లెడ్ లెవెల్' అని విడిగా రాయించుకోవాలి. వేలి నుంచి తీసిన చుక్కలో ఎక్కువ చూపిస్తే కంగారొద్దు. చర్మం మీది దుమ్ము కూడా కలిసి ఉండొచ్చు, నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూస్తారు. డెసిలీటర్‌కు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలన్నది డబ్ల్యూహెచ్‌ఓ సూచన. 5 లోపు ఉంటే సేఫ్ అనీ కాదు. 45 దాకా వెళ్తే పిల్లలకు కీలేషన్ మందులు ఇస్తారు. అవి రక్తంలో సీసాన్ని తగ్గిస్తాయి, మెదడుకు అప్పటికే జరిగిన నష్టాన్ని మాత్రం వెనక్కి తేలేవు.

రంగు గీకే రోజుల్లో పిల్లల్ని, గర్భిణుల్ని బంధువుల ఇంటికి పంపడం మేలు. పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది.. తడిగుడ్డతోనే తుడవాలి.