పావలా సీత, ఎనిమిది వందల టికెట్టు: వసూళ్ళ లెక్కల్లో ఆడవాళ్ళెక్కడ?

ఈ మధ్య ఏ పెద్ద సినిమా విడుదలైనా మర్నాటికల్లా ఒక అంకె బయటికొస్తుంది. వంద కోట్లు, రెండొందల కోట్లు. ఆ వెనకే ఇంకో మాట: 'ఆల్ టైమ్ రికార్డ్'. అన్ని కాలాల్లోకీ ఇదే పెద్దదని. ఆ 'అన్ని కాలాలు' అనే మాట దగ్గరే నాకు పేచీ. సాహిత్య చరిత్రలో ఎవరైనా ఒక నవల ఎన్ని కాపీలు అమ్ముడుపోయిందో చెప్పి, అంతకుముందున్న నవలలన్నిటికంటే ఇది గొప్పదంటే మనం నవ్వి ఊరుకుంటాం. సినిమా దగ్గరికొచ్చేసరికి ఆ అంకెనే చరిత్ర అనుకుంటున్నాం.

అసలు ఆ అంకె దేని లెక్కో ముందు చూడాలి. ప్రేక్షకులు కౌంటర్లో కట్టిన మొత్తం గ్రాసు. అందులో పన్ను తీసేస్తే నెట్టు. థియేటర్ అద్దె, ఖర్చులు పోను పంపిణీదారుకి మిగిలేది షేరు. తెలుగు సినిమా వ్యాపారం దశాబ్దాలపాటు షేరులోనే మాట్లాడుకుంది. గ్రాసు, అదీ ప్రపంచమంతా కలిపిన గ్రాసు, చెప్పడం ఇటీవలి అలవాటు. పాత సినిమా షేరునీ కొత్త సినిమా గ్రాసునీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళున్నారు. పైగా 1980ల్లో మన రాష్ట్రంలో స్లాబు పన్ను వచ్చాక, హాల్లో ఎంతమంది కూర్చున్నారన్నదానితో నిమిత్తం లేకుండా సీట్ల సంఖ్యని బట్టి పన్ను కట్టే పద్ధతి నడిచింది. ఎన్ని టికెట్లు తెగాయో ప్రభుత్వానికి కచ్చితంగా చెప్పాల్సిన అవసరం దాంతో తగ్గిపోయింది. ఇక మిగిలింది పోస్టర్ మీద నిర్మాత వేసుకున్న మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఆన్‌లైన్ టికెట్ల కోసం సినిమాల చట్టాన్ని సవరించినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ లెక్కల అయోమయం కూడా ఒకటి.

ఆ వ్యాపారం మాట్లాడే భూగోళం చూడండి: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్టు, వెస్టు. నిజాం పాలన పోయి డెబ్బై ఏళ్ళు దాటినా పంపిణీదారుల పుస్తకంలో పోలేదు. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న జిల్లాలకి 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అని గౌరవంగా పేరు పెట్టుకున్నాం. సినిమా లెక్కల్లో మాత్రం అవి ఇంకా ఎవరో ఎవరికో వదిలేసిన జిల్లాలే.

పోలిక ఎంత కష్టమో చూడటానికి ఒకే కథ తీసుకుందాం. ఉత్తర రామాయణం తెలుగులో కనీసం మూడుసార్లు పెద్ద ఎత్తున తెర మీదికొచ్చింది. 1934లో సి. పుల్లయ్య కలకత్తాలో ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకి తీసిన 'లవకుశ'. అందులో సీత సీనియర్ శ్రీరంజని. 1963లో ఆయనే మొదలుపెట్టగా కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేసిన రంగుల 'లవకుశ', సీత అంజలీదేవి. 2011లో బాపు తీసిన 'శ్రీరామరాజ్యం'; సీత నయనతార. రూపాయల వరసలో పెడితే చివరిది మొదటి స్థానంలోనూ, మొదటిది చివరనా ఉంటాయి. కానీ 'శ్రీరామరాజ్యం' 1963 నాటి 'లవకుశ' కంటే పెద్ద విజయమని దాన్ని తీసినవాళ్ళు కూడా అనలేదు. అంటే రూపాయి చెప్పనిదేదో మనకి ముందే తెలుసు. దాన్ని లెక్కలోకి ఎలా తేవాలన్నదే తెలియదు.

1963 'లవకుశ' గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది. టికెట్టు పావలా నుంచి రూపాయి దాకా ఉన్న రోజుల్లో అది కోటి రూపాయలు వసూలు చేసిందని. ఈ కోటి పన్నుతో కలిపా, పన్ను పోనా, మొదటి విడుదలదా, తర్వాత ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేసినవీ కలిపా అని చెప్పేవాళ్ళు లేరు. సగటు టికెట్టు అర్ధరూపాయి అనుకుంటే రెండు కోట్ల టికెట్లు. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చంటిపిల్లలతో సహా ఉన్నది సుమారు 3 కోట్ల 60 లక్షల మంది. రాష్ట్రం బయటి తెలుగువాళ్ళని కలుపుకున్నా, ఒక్కొక్కరూ ఎన్నిసార్లు చూసి ఉండాలి? ఆ అంకెను నేను అలాగే నమ్మను. కానీ చాలామంది చాలాసార్లు చూశారన్నది మాత్రం నమ్ముతాను. బళ్ళు కట్టుకుని వచ్చారనీ, హాళ్ళ దగ్గరే వండుకు తిన్నారనీ చెప్పే జ్ఞాపకాల్లో ఎప్పుడూ ముందుండేది ఆడవాళ్ళే. ఆ రోజుల్లో రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 12 మంది. పురాణం వినడానికి గుడి, చూడటానికి తెర తప్ప వాళ్ళకి వేరే దారి లేదు. (రాముడు సీతని వదిలేసిన కథను ఇంతమంది ఆడవాళ్ళు ఇన్నిసార్లు ఏడుస్తూ ఎందుకు చూశారన్నది వేరే వ్యాసం. భక్తి అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళతో నాకు ఏకీభావం లేదు. తమ ఇంట్లో పైకి అనలేని అభియోగాన్ని అక్కడ సీత మౌనంలో చూసుకున్నారేమో.)

సరే, ద్రవ్యోల్బణం లెక్కగట్టి పాత రూపాయిని నేటి రూపాయిగా మారిస్తే సరిపోతుందంటారు. దేనితో మార్చాలి? పది గ్రాముల బంగారం 1963లో వంద రూపాయలకి అటూ ఇటూగా ఉండేది, 2017లో ముప్ఫై వేలకి దగ్గరగా ఉంది. అంటే మూడు వందల రెట్లు. అదే సరుకుల ధరల సూచీతో కడితే అంత పెరుగుదల రాదు, అందులో చిన్న భాగమే వస్తుంది. బంగారంతో కొలిస్తే పాత సినిమా గెలుస్తుంది, సరుకులతో కొలిస్తే కొత్త సినిమా గెలుస్తుంది. ఎవరికి ఏది కావాలో దాన్ని వాడుకోవచ్చు. రూపాయి కూడా ఒకేలా ఉండలేదు. 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంటే ఆ సినిమా మొదటి అయిదు రోజులు అణాల్లోనూ, మిగతా రోజులు పైసల్లోనూ ఆడింది!

నాకు ఇంకో కొలబద్ద ముఖ్యమనిపిస్తుంది. కూలి. 1956-57లో జరిగిన రెండో వ్యవసాయ కార్మిక విచారణ ప్రకారం దేశంలో వ్యవసాయ కూలీల్లో మగవాడి రోజుకూలి సగటున 96 పైసలు, ఆడమనిషిది 59 పైసలు. నేల టికెట్టు పావలా అయితే మగవాడికి అది పావు రోజు పని. ఆడమనిషికి దాదాపు సగం రోజు. ఒకే హాలు, ఒకే నేల, ఒకే బొమ్మ. ధర మాత్రం ఒకటి కాదు. వసూళ్ళ లెక్కలో ఆ రెండు పావలాలూ కలిసిపోతాయి. నాట్లకి వంగిన సగం రోజు అందులో కనపడదు. చంకలో పిల్లకి టికెట్టు లేదు కాబట్టి ఆ పిల్లా లెక్కలో లేదు.

ఈ కొలబద్దనే ఇవాళ్టికి తెద్దాం. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవోలో పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్ళకి అతి తక్కువ టికెట్టు 5 రూపాయలు. పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 2022 మార్చిలో కొత్త జీవోతో కనీస ధర 20కి వెళ్ళింది. 2024 డిసెంబర్ 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటకి తెలంగాణ ప్రభుత్వం మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా తీసుకోనిచ్చింది. ఆ ఏడు రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధిహామీ కూలి రోజుకి 300. పావు రోజు, సగం రోజు లెక్క మూడు రోజులు దాటింది. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో, భర్త, పిల్లలతో సినిమాకొచ్చిన ఒక తల్లి చనిపోయింది. మర్నాటి ప్రకటనల్లో ఉన్నది మొదటి రోజు వసూళ్ళ రికార్డు.

ధరకంటే కూడా ఎక్కువగా మారింది కాలం. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. మన సినిమా విజయాన్ని చాలాకాలం రూపాయల్లో కొలవలేదు, రోజుల్లో కొలిచాం. యాభై రోజులు, శతదినోత్సవం, రజతోత్సవం. ఎన్ని కేంద్రాల్లో ఆడింది, షిఫ్టుల మీదా, ఒకే హాల్లోనా? ప్రింట్లు కొద్దిగానే ఉండేవి. బొమ్మ ముందు పట్నంలో ఆడి, తర్వాత చిన్న ఊరికి, ఆ తర్వాత టూరింగ్ టాకీసుకి చేరేది. పల్లెలో ఆడవాళ్ళు దాన్ని చూసేసరికి ఏడాది గడిచేది. పనుల తీరికా, చేతిలో డబ్బూ, మగవాళ్ళ ఒప్పుదలా, తోడొచ్చే మనిషీ ఇవన్నీ కుదరాలి. అవి కుదిరేదాకా సినిమా ఆగేది. అందుకే 'మహిళాలోకం నీరాజనం' అన్న ప్రకటన మొదటి వారంలో కాక నాలుగో వారంలో, ఎనిమిదో వారంలో వచ్చేది. వందో రోజుకి చేర్చేది ఆడవాళ్ళేనని పంపిణీదారులకి బాగా తెలుసు.

నా పరిశోధన కోసం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కొందరు పెద్దవాళ్ళతో మాట్లాడినప్పుడు సంవత్సరాలు అడిగితే ఎవరూ చెప్పలేదు. "మా రెండోవాడు కడుపులో ఉండగా చూశానమ్మా", "మా ఆడబిడ్డ పెళ్ళయిన వేసవి" అన్నారు. ఒకావిడ మధ్యలో పరదా కట్టిన డేరా గురించి చెప్పింది. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. ఏ కులం వాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళని అడిగితే కాసేపు మాట్లాడకుండా, "నేలకి కులమేముందిలే, బెంచీకి ఉంది గానీ" అంది.

ఇప్పుడు వేల తెరల మీద ఒకేరోజు విడుదల. మొదటి మూడు రోజుల్లోనే తేలిపోతుంది. తెల్లవారుజాము ఆటలకీ, అర్ధరాత్రి ఆటలకీ ఎవరు వెళ్ళగలరు? ఇంటిపని, పిల్లల బడి, భద్రత ఏవీ అడ్డురాని కుర్రవాళ్ళు. మూడు రోజుల్లో ముగిసే లెక్కలో ఎనిమిదో వారానికొచ్చే మనిషికి చోటేది? వంద రోజుల కొలబద్ద నుంచి మొదటిరోజు కొలబద్దకి మారడం కేవలం వ్యాపారపు మార్పు కాదు. ఎవరి ఇష్టాన్ని బట్టి రేపటి సినిమా తీయాలో కూడా దాంతోపాటే మారింది.

'ప్రేమనగర్' గుర్తుచేసుకోండి. కోడూరి కౌసల్యాదేవి నవల. 1971లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో సినిమా అయింది. నష్టాల్లో ఉన్న రామానాయుడుని నిలబెట్టింది. తమిళంలోకీ హిందీలోకీ వెళ్ళింది. యద్దనపూడి నవలలు 'మీనా', 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' వరసగా సినిమాలయ్యాయి. 'మీనా'ని తెరకెక్కించింది విజయనిర్మల. వారపత్రికల్లో సీరియల్ చదువుతున్న ఆడవాళ్ళు ఈ సినిమాలకి ముందే సిద్ధంగా ఉన్న ప్రేక్షకులు. ఆ నవలల్ని విమర్శకులు 'వంటింటి సాహిత్యం' అని ఈసడించారు, నిర్మాతలు మాత్రం వాటి మీద పెట్టుబడి పెట్టారు. ఆ నవలల్లోని ప్రేమ పట్ల మనకి అభ్యంతరాలుండొచ్చు, నాకున్నాయి. కానీ ఆడవాళ్ళు చదివింది డబ్బయిందనే చరిత్రని మనమే రాసుకోలేదు.

అమెరికాలోనూ ఇలాంటిదే ఒకటుంది. ధరల తేడా సవరించి వేసే జాబితాల్లో అక్కడ తరచూ మొదట నిలిచేది 1939 నాటి 'గాన్ విత్ ద విండ్'. అదీ ఒక స్త్రీ నవలే, మార్గరెట్ మిచెల్ రాసింది. టెలివిజన్ ఇంటింటికీ రాని కాలం, 13 కోట్ల జనాభా, ఎన్నోసార్లు తిరిగి విడుదల. అందులో నటించినందుకు ఆస్కార్ పొందిన నల్లజాతి నటి హాటీ మెక్‌డానియల్ అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకి వెళ్ళలేకపోయింది, అక్కడ జాతి వేర్పాటు చట్టాలు అడ్డొచ్చి. దక్షిణాది హాళ్ళలో నల్లవాళ్ళకి వేరే మెట్లు, పై బాల్కనీ. వాళ్ళు కట్టిన సెంట్లు మాత్రం అదే మొత్తంలో కలిశాయి. మన నేల క్లాసూ, వాళ్ళ బాల్కనీ ఒకటి కావు. కానీ రెండుచోట్లా గల్లాపెట్టె ఒకటే.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక మన ఆడప్రేక్షకుల్లో పెద్ద భాగం ఇంట్లోకి మారింది. వాళ్ళ లెక్క టీఆర్పీ అనే ఇంకో పద్దులోకి పోయింది. హాల్లో వాళ్ళు తగ్గారని చెప్పేవాళ్ళు, టీవీలో శ్రీరామనవమికి అదే 'లవకుశ'ని మళ్ళీ చూస్తున్నది వాళ్ళేనని చెప్పరు. ఆ చూపుకి టికెట్టు లేదు.

నేను ప్రస్తుతం చేస్తున్న పని చిన్నది. ఏ ఊళ్ళో ఏ క్లాసు టికెట్టు ఎంత, ఆ ఏడు అక్కడ ఆడమనిషి కూలి ఎంత, బొమ్మ ఆ ఊరికి ఎన్ని నెలలకి చేరింది, ఎన్ని వారాలుంది అని పట్టీ వేసుకుంటున్నాను. కోట్ల జాబితా దీంట్లోంచి రాదు. మీ ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు రాసుకున్న జమాఖర్చు పుస్తకాలుంటే తిరగేసి చూడండి. పాలు, కిరసనాయిలు, చాకలి పద్దుల మధ్య ఎక్కడో 'సినిమాకి' అని ఉంటుంది. ఏ ఏడు, ఎన్ని అణాలు, ఎంతమందికి, బండి కిరాయి ఎంత. ఆ పేజీ నకలు పత్రిక చిరునామాకి పంపితే, పేరు వద్దంటే పేరు లేకుండానే, నా పట్టీలో చేర్చుకుంటాను.