రిపోర్టులో రాయని రాత్రులు

గచ్చిబౌలిలో రాత్రి ఒంటిగంట. అమెరికాలో ఇంకా మధ్యాహ్నమే. క్లయింటు కాల్ అయిపోయాక చల్లారిన బిర్యానీ డబ్బా విప్పాడు రఘు. ఇంటికెళ్లి పడుకునేసరికి మూడు. పొద్దున ఎనిమిదింటికి మళ్లీ స్టాండప్ మీటింగ్.

కంపెనీ హెల్త్ చెకప్‌లో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని తేలింది.

"లైట్ తీస్కోరా, మా టీమ్‌లో అందరికీ ఉన్నదే" అన్నాడు పక్క సీటు మిత్రుడు.

డాక్టరు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. "మందు తాగుతారా?"

"అలవాటే లేదు సార్."

"నిద్ర?"

రఘు కాస్త తడబడ్డాడు. "నాలుగు గంటలు... శని, ఆదివారాల్లో కవర్ చేస్తాను సార్."

రఘు అనేది మేం పెట్టిన పేరు. ఇలాంటి ఎందరివో బతుకులు కలిపి అల్లిన పాత్ర. లెక్కలు మాత్రం నిజం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. 71 శాతం మందికి స్థూలకాయం. 2025లో ఈ అధ్యయనం 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో వచ్చింది, లోక్‌సభలోనూ ప్రస్తావనకు వచ్చింది.

కాలేయంలో కొవ్వుకి, డాక్టరు నిద్ర గురించి అడగడానికి సంబంధమేంటి?

1849లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ ఒక కుందేలు మెదడు అడుగుభాగంలో సూది గుచ్చాడు. కాసేపటికి దాని మూత్రంలో చక్కెర కనిపించింది. దానికెవరూ చక్కెర పెట్టలేదు. మెదడు కదిలితే కాలేయం దాచుకున్న చక్కెరను వదిలేసిందన్నమాట.

మరి ఆ మెదడుకు నిద్ర తగ్గితే? నూటయాభై ఏళ్ల తర్వాత, 1999లో, షికాగో యూనివర్సిటీలో 11 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. తిన్న చక్కెరను రక్తంలోంచి తొలగించుకునే వేగం వాళ్లలో బాగా పడిపోయింది. సాయంత్రానికి తగ్గాల్సిన ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గలేదు. కంటినిండా నిద్రపోనిచ్చాక మళ్లీ కుదుటపడ్డారు. అదే బృందం 2004లో ఇంకోటి చూపింది. రెండు రాత్రులు నిద్ర తగ్గితే చాలు, 'ఇక చాలు' అని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. స్వీట్ల మీదకీ, చిప్స్ మీదకీ మనసు పోయింది.

ఒంటిగంటకు రఘు చెయ్యి బిర్యానీ డబ్బా మీదకు వెళ్లడంలో జిహ్వచాపల్యం పాత్ర కొంతే. మెదడులో ఆకలిని చూసుకునే హైపోథాలమస్‌కు అందే కబుర్లే తారుమారయ్యాయి. పైగా రాత్రివేళ చక్కెరను సర్దుకునే శక్తి ఒంటికి తక్కువ. మిగిలినదాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. ఒళ్లు పెరిగేకొద్దీ మెదడు లెప్టిన్ మాటా సరిగా వినదు. ఇంకా తింటాడు. మెడ దగ్గర కొవ్వు చేరితే గురక, గురకతో నిద్రాభంగం. కథ మళ్లీ మొదటికి.

నష్టం కాలేయంతో ఆగదు. ఒంటి బరువులో మెదడు రెండు శాతమే, కానీ ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు దానికే కావాలి. మధుమేహం, స్థూలకాయం మతిమరుపు జబ్బు ముప్పును పెంచుతాయని 2024 లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది.

'కాస్త నోరు కట్టుకో' అని రఘుకు చెప్పడం తేలిక. అతని నిద్రను కాల్స్‌కి రాసిచ్చిన రోస్టరును ఎవరు అడగాలి? ఏటా ఉచితంగా హెల్త్ చెకప్ చేయించే కంపెనీలే అడగాలి. అర్ధరాత్రి కాల్స్ వంతులవారీగా పంచాలి, రాత్రి షిఫ్టు తర్వాత పొద్దున మీటింగు పెట్టకూడదు.

ఇక మీ వంతు. ఫ్యాటీ లివర్ అని రిపోర్టు వస్తే 'అందరికీ ఉన్నదే' అని మడిచి సొరుగులో పెట్టకండి. ఏం తింటున్నారో చెప్పడంతో ఆగకుండా, ఎన్నింటికి తింటున్నారో, ఎన్ని గంటలు పడుకుంటున్నారో కూడా డాక్టరుకు చెప్పండి. మొదటి దశలో ఒంటి బరువు ఏడు నుంచి పది శాతం తగ్గించుకుంటే చాలామందికి కాలేయం బాగుపడుతుంది.